నీడ లేని రాజసం

ఆదిలాబాదులో మే నెల మధ్యాహ్నం రెండు గంటలప్పుడు వీధిలోకి వచ్చి చూడండి. మనుషులు, కుక్కలు, ఆవులు, తోపుడుబండి మీద పుచ్చకాయలమ్మే కుర్రవాడు ఎక్కడ నిలబడి ఉన్నారో గమనించండి. ఎవరైనా దేని కింద నిలబడ్డారో అది చెట్టు. ఎవరూ నిలబడనిది అలంకారం. ఈ ఒక్క కొలబద్దతో మా ఊరి వీధులను కొలవడం మొదలుపెట్టాక కలిగిన దుఃఖమూ, కోపమూ ఈ టపాకు కారణం. నా మాటలు ఎవరినైనా నొప్పిస్తే మన్నించండి. ముందుగా నన్ను నేనే బోనులో నిలబెట్టుకుంటున్నాను కనుక ఆ మాత్రం చనువు తీసుకుంటున్నాను.

మా ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉండేది. 1974లో నాన్న ఆ పెంకుటిల్లు కట్టించినప్పుడు నాటినది. పాలవాడు సైకిలు దానికే ఆనించేవాడు. ఎండాకాలం బడి పిల్లలు దాని కిందే గోళీలాడుకునేవారు. సాయంత్రం నాలుగు దాటితే అమ్మ కుర్చీ దాని కిందికి చేరేది. వీధిలోని ఆడవాళ్ళంతా ఆ కుర్చీ చుట్టూ చేరేవారు. 2017లో పాత ఇల్లు తీసి కొత్తది కట్టించాం. ప్లాను గీసినాయన చెట్టు వంక చూసి, "ఇదుంటే ఎలివేషన్ కనబడదు సార్" అన్నాడు. నేను తలూపాను. అంతే. చెట్టు కొట్టాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా అంటే అందరికీ తెలుస్తుంది) ముందు అనుమతి తీసుకొమ్మంటుంది. నేను తీసుకోలేదు. నలభై మూడేళ్ళ చెట్టు ఒకటిన్నర రోజులో కట్టెల మోపులైపోయింది.

దాని స్థానంలో గేటుకు అటొకటి, ఇటొకటిగా రెండు రాయల్ పామ్ చెట్లు లారీలో వచ్చాయి. వేళ్ళ చుట్టూ మట్టి ముద్దతో, గోనెసంచి చుట్టుకుని, పెళ్ళికొడుకుల్లా దిగాయి. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా గేటు ముందు నిలబడి ఫోటోలు దిగారు. అమ్మ మాత్రం ఆ రెండింటి చుట్టూ ఒకసారి తిరిగి, తల పైకెత్తి చూసి, "మరి గిప్పుడు నేనేడ కూసోవాలె బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి జవాబు వెతుక్కుంటూ ఈ చెట్టును గురించి చదివిందీ, దాన్ని పెంచి నేర్చుకున్నదీ ఇక్కడ పెడుతున్నాను.

రాయల్ పామ్ అని నర్సరీలవాళ్ళు పిలిచే ఈ చెట్టును ఇక్కడ రాజతాళం అంటాను. (పేరు నచ్చకపోతే మీరింకొకటి సూచించండి, మాటలు పుట్టించడం మనకు కొత్త కాదు కదా!) శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రాయ్‌స్టోనియా రీజియా. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో దీన్ని ఒరియోడాక్సా అన్నారు; కొండలకు కీర్తి అని ఆ మాటకు అర్థం. 1900లో ఓ.ఎఫ్. కుక్ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరు మార్చి, పోర్టోరికోలో పనిచేసిన అమెరికా సైన్యపు ఇంజనీరు జనరల్ రాయ్ స్టోన్ పేరు తగిలించాడు. కొండల కీర్తి పోయి దండనాయకుడి కీర్తి నిలిచింది. పేరులోనే దర్పం ఉన్న చెట్టు ఇది.

దీని పుట్టినిల్లు క్యూబా, ఫ్లోరిడా దక్షిణ భాగం, ఆ చుట్టుపక్కల కరీబియన్ తీరాలు. క్యూబాకు ఇది జాతీయ వృక్షం. ఆ దేశపు రాజముద్రలో కూడా ఉంది. అయితే అక్కడ దీన్ని గౌరవించేది ఎలివేషన్ కోసం కాదు. మట్టలతో గుడిసెలు కప్పుకుంటారు. మానును పలకలుగా చీల్చి గోడలు కట్టుకుంటారు. మట్ట మొదట్లో కాండాన్ని చుట్టుకుని ఉండే వెడల్పైన తొడుగును యాగ్వా అంటారు. పొగాకు బేళ్ళు కట్టడానికి అది వాడతారు. గెలల్లో కాసే చిన్న చిన్న పండ్లను పందులకు మేపుతారు. అంటే క్యూబా రైతుకు రాజతాళం ఏమిటో మన పల్లెకు తాటిచెట్టు అది. తాటిచెట్టు మనకు ముంజలిచ్చింది, కల్లిచ్చింది, ఇంటికి దూలమిచ్చింది, పైకప్పిచ్చింది, విసనకర్ర ఇచ్చింది. మన కవులందరినీ కొన్ని వందల ఏళ్ళపాటు తన ఆకుల మీద మోసింది. అలాంటి తాటిచెట్టును ఎవరైనా గేటు ముందు నాటుకుంటే మనం నవ్వుతాం. దాని క్యూబా చుట్టాన్ని వేలు పోసి కొని నాటుకుంటే ఫోటో దిగుతాం. ఆ చుట్టం అక్కడ చేసే పనులేవీ ఇక్కడ చెయ్యదు. చేయించుకోవడం మనకు రాదు. కొన్నది చెట్టును కాదు, దాని భంగిమను.

ఈ భంగిమ వ్యామోహం మనతో మొదలైంది కాదు. 1808లో పోర్చుగల్ రాజకుటుంబం నెపోలియన్ సేనలకు వెరచి రియో డి జనీరోకు తరలివచ్చింది. మరుసటి ఏడాది, 1809లో, యువరాజు జోవావ్ అక్కడి కొత్త ఉద్యానవనంలో తన చేతులమీదుగా ఒక రాజతాళాన్ని నాటాడు. (అది ఇదే కుటుంబంలోని మరో జాతి, ఇంకా పొడవైనది.) ఆ చెట్టు 1972లో పిడుగు పడి కూలేదాకా బతికింది. రాజు నాటిన చెట్టు సంతానం ప్రతివాడి ఇంటా మొలిస్తే రాజు విలువేం కావాలి? అందుకని ఉద్యానవనం అధికారి రాలిన గింజలను ఏరించి కాల్పించేవాడనీ, బానిసలు రాత్రిపూట చెట్టెక్కి గింజలు దొంగిలించి అమ్ముకునేవారనీ అక్కడ ఒక కథ చెబుతారు. అది నిజమో కాదో గాని, తరువాతి కాలంలో బ్రెజిల్ కాఫీతోటల జమీందార్లు తమ బంగళాలకు వెళ్ళే బాటల వెంట ఈ చెట్లను బారులు తీర్చి నాటించుకున్నది మాత్రం నిజం. బాట వెంట రాజతాళం ఉందంటే ఆ ఇంటాయన సామాన్యుడు కాడని అర్థం. రెండు వందల ఏళ్ళ తరువాత, రెండు మహాసముద్రాలకు ఇవతల, రెండు వందల గజాల ప్లాటులో నేను చేసిందీ అదే. పులిని చూసి నక్క వాత పెట్టుకున్న సామెత మనవాళ్ళు ఊరికే పుట్టించలేదు.

ఇక వాతావరణం సంగతి. "ఆదిలాబాదులో వానలకేం తక్కువ? అడవి జిల్లా కదా!" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. అతని మాటలో సగం నిజముంది. క్యూబా రాజధాని హవానాలో ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆదిలాబాదులో వెయ్యికి కొంచెం పైన. పెద్ద తేడా లేదు. హవానాలోనూ వానాకాలం, వానలేని కాలం వేరువేరుగానే ఉంటాయి. తేడా అంతా ఆ వానలేని కాలంలో ఉంది. హవానాలో వాన లేని నెలలు చల్లని నెలలు. ఎండ ముదిరే నెలల్లో అక్కడ వాన పడుతుంది. అప్పుడైనా పగటి వేడి 32 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, చుట్టూ సముద్రపు తేమ. మనకు వానంతా జూన్ నుంచి సెప్టెంబరు వరకు నాలుగు నెలల్లో కుమ్మరించి పోతుంది. ఆ తరువాత చలికాలంలో రాత్రులు 5 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతాయి. మార్చి వచ్చేసరికి నేల ఎండుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలు దాటడం మాకు విశేషమే కాదు. గాలిలో తేమ పిడికెడు కూడా ఉండదు. నీళ్ళు అందరికంటే ఎక్కువ కావలసిన చెట్టుకు, నీళ్ళు అసలే లేని నెలల్లో, అది పుట్టిన చోట ఎరగని వడగాలి తగులుతుంది. మా అడవిలోని టేకు ఏం చేస్తుంది? ఆకులు రాల్చి ఊపిరి బిగబట్టుకుంటుంది. మోదుగ ఆకులన్నీ వదిలేసి పూలు పూస్తుంది. ఈ నేలమీద బతకడం నేర్చిన చెట్లు ఎండాకాలంతో ఏదో ఒక ఒప్పందం చేసుకున్నవే. రాజతాళానికి ఆకులు రాల్చి నిద్రపోవడం తెలియదు. దాని తరఫున ఆ ఒప్పందం మన బోరుబావి చేసుకోవాలి.

అది ఇక్కడ బతకదని నేననడం లేదు. అలా అంటే అబద్ధమవుతుంది. జిల్లాలో చూస్తే నిటారుగా నిలిచినవి ఎన్నో కనబడతాయి. బతికించవచ్చు. ప్రశ్నల్లా, ఎవరి నీళ్ళతో బతికిస్తున్నాం, దేనికోసం బతికిస్తున్నాం అన్నది.

నేను లెక్క రాసి పెట్టుకున్నాను. మార్చి మొదలు జూన్‌లో తొలకరి పడేవరకు రమారమి 100 రోజులు. ఒక్కో చెట్టుకు రోజుకు 40 లీటర్లు పోశాను. ఒకటి రెండు రోజులు మానేస్తే ఆకు కొసలు కాలినట్టు మాడిపోయేవి. రెండు చెట్లకు కలిపి వంద రోజుల్లో 8000 లీటర్లు. బిందెకు 15 లీటర్ల చొప్పున ఐదు వందల పైచిలుకు బిందెలు. అదే వంద రోజుల్లో మా వీధి చివరి ఇళ్ళ ఆడవాళ్ళు మా గేటు ముందు నుంచే ఖాళీ బిందెలతో పోయి నిండు బిందెలతో తిరిగి వచ్చేవారు. నేను పైపు పట్టుకుని నిలబడి వాళ్ళకు దారి ఇచ్చేవాణ్ణి. మూడవ ఏడు ఒకావిడ ఆగి, చెట్టు మొదట్లో నిలిచిన నీళ్ళను చూసి, "సారూ, గిది ఏం కాస్తది?" అని అడిగింది. ఏమీ కాయదని చెప్పాను. ఆమె ఇంకేమీ అనలేదు. అననందుకే ఇంకా గుర్తుంది.

అంతకుముందు ఆ వేపచెట్టుకు నలభై మూడేళ్ళలో మేము ఎన్ని బిందెలు పోశామో చెప్పనా? నాటిన మొదటి రెండు వేసవులు మాత్రం పోశామని అమ్మ చెబుతుంది. ఆ తరువాత అది తన నీళ్ళు తానే వెతుక్కుంది.

నేల సంగతి కూడా చెప్పాలి. మా వైపు ఎక్కువ భాగం నల్లరేగడి. వానలో బంకలా ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. క్షారం ఎక్కువగా ఉండే ఇలాంటి నేలలో ఇనుము, మాంగనీసు ఉన్నా అవి చెట్టుకు అందవు. మాంగనీసు అందకపోతే ఈ జాతి చెట్లకు కొత్తగా వచ్చే ఆకు ముడుచుకుపోయి, కాలిన కాగితంలా వస్తుంది. మా రెండింటిలో ఒకదానికి అదే జరిగింది. మందులు వేశాను, పైనుంచి పిచికారీ చేయించాను. తాటి కుటుంబపు చెట్టుకు తల ఒక్కటే. వేపలాగా కొమ్మ పోతే ఇంకో కొమ్మ వెయ్యడం దానికి చేతకాదు. మొవ్వు చచ్చిందంటే చెట్టు చచ్చినట్టే. నాలుగవ వేసవిలో మొవ్వు గోధుమరంగుకు తిరిగింది. లాగితే చేతిలోకి వచ్చింది. ఏదో కుళ్ళు వాసన. ఆ తరువాత మిగతా మట్టలు ఒక్కొక్కటే వేలాడి, చివరకు సిమెంటు స్తంభం లాంటి మాను మాత్రం మిగిలింది. ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, అది బతికున్నప్పుడు కూడా మాకు సిమెంటు స్తంభంగానే పనికొచ్చింది.

రెండవది బతికే ఉంది. ఈ చెట్టు పెరిగితే ఆరేడు అంతస్తుల ఎత్తుకు, ఇంకా పైకి పోతుంది. దాని మట్ట ఒక్కోటి మూడు నాలుగు మీటర్ల పొడవు. దాదాపు నెలకొకటి చొప్పున తనంత తానే ఊడిపడుతుంది. ఎప్పుడు పడుతుందో చెప్పి పడదు. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి సుభాషితాల్లో ఒక బట్టతలవాడున్నాడు, గుర్తున్నాడా? ఎండకు తాళలేక తాటిచెట్టు నీడకు పరుగెత్తి, పండు నెత్తిన పడి తల పగలగొట్టుకున్నవాడు. దైవం అనుకూలించనివాడు ఎక్కడికి పోయినా ఆపదలు వెంటే వస్తాయని ఆ పద్యం తాత్పర్యం. పద్యం గొప్పదే. నాకు మాత్రం ఇప్పుడు తాత్పర్యం వేరుగా తోస్తోంది: ఊళ్ళో ఇంకో చెట్టు మిగల్చకపోతే బట్టతలవాడు పాపం ఎక్కడికి పోతాడు? అది దైవం చేసిన పని కాదు, ఊరు చేసిన పని.

ఇంతకూ ఈ చెట్టు మా ఊరికి ఎలా వచ్చింది? ఒక దారి కడియం నుంచి. తూర్పుగోదావరిలో కడియం, కడియపులంక నర్సరీల పేరు తెలియని తెలుగువాడు ఉండడు. గోదావరి ఒండ్రు, కాలువ నీళ్ళు, సముద్రం దాపున ఉండే తేమగాలి. రాజతాళం అక్కడ పెరగడంలో ఆశ్చర్యం లేదు, ఆక్షేపణ కూడా లేదు. కోనసీమలోనో, విశాఖ తీరంలోనో ఉన్న మిత్రులు తమ పెరట్లో పెంచుకుంటే నేను వచ్చి చూసి ఆనందిస్తాను. ఫ్లోరిడాలో ఉన్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు, అది దాని సొంత ఊరే; 1916లో అక్కడి మహిళాసంఘాలు ఈ చెట్ల పేరుమీదనే ఒక వనాన్ని కాపాడుకున్నాయి, 1947లో ఏర్పడిన ఎవర్‌గ్లేడ్స్ జాతీయవనానికి అదే బీజం. కాని టెక్సాసులో ఉన్నవారు 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలిలో ఎన్ని పామ్ చెట్లు మాడిపోయాయో చూసే ఉంటారు. కడియంలో బాగుందని ఆదిలాబాదుకూ, మయామీలో బాగుందని హ్యూస్టనుకూ తేవడం ఒక్కటే తప్పు: చెట్టును చూసి నేలను చూడకపోవడం.

రెండవ దారి గల్ఫు నుంచి. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ వైపు ఊళ్ళలో గల్ఫుకు వెళ్ళిన మనిషి లేని వాడ అరుదు. ఎడారి ఎండలో పదేళ్ళు, పదిహేనేళ్ళు ఒళ్ళు కాల్చుకుని, ఆ డబ్బుతో సొంతూళ్ళో ఇల్లు కట్టుకుంటారు. దుబాయి రోడ్ల పక్కన బారులు తీరిన చెట్లు వాళ్ళ కళ్ళల్లో ఉండిపోతాయి. "అట్లాంటివి కావాలె" అని నర్సరీలో అడుగుతారు, రాజతాళం వస్తుంది. వాళ్ళను వెక్కిరించే అర్హత నాకు లేదు; నేను ఎడారి చూడకుండానే ఆ పని చేశాను. కాని ఇందులో ఒక విషాదం ఉంది. దుబాయి రోడ్ల పక్కన బారులు తీరినవి ఎక్కువగా ఖర్జూరపు చెట్లు. అవి ఆ నేల చెట్లే, ఆ ఎండ ఎరిగిన చెట్లే. అక్కడ వాటికి పోసేది కూడా శుద్ధిచేసిన మురుగునీరు, గొట్టాల ద్వారా బొట్లు బొట్లుగా. ఖర్జూరం ఫీనిక్స్ డాక్టిలిఫెరా అయితే, మన పొలం గట్టున నిలబడ్డ ఈతచెట్టు ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్. అక్కాచెల్లెళ్ళు! దుబాయివాళ్ళు తమ ఇంటి పిల్లను వీధిలో నిలబెట్టి గౌరవించుకున్నారు. అది చూసి వచ్చిన మనం, ఆ పిల్ల సొంత చెల్లెలిని గట్టు మీదే వదిలేసి, ఎక్కడి క్యూబా దొరసానినో తెచ్చుకున్నాం. పెరటిచెట్టు మందుకు పనికిరాదనే సామెతకు ఇంతకన్నా ఉదాహరణ ఉంటుందా? హరితహారం 2015లో మొదలైనప్పుడు గీత కార్మికుల కోసం ఈత మొక్కలు నాటించారు. మంచి పనే. కాని ఈతచెట్టు కల్లుకే తప్ప ఇంటి ముందుకు తగదన్న చిన్నచూపు మాత్రం మనలోంచి పోలేదు.

మూడవ దారి వెంచర్లు. జొన్నచేను, పత్తిచేను ప్లాట్లుగా మారగానే ముందు లేచేది ముఖద్వారం, దాని వెనక రెండు వరుసల రాజతాళాలు. ఇళ్ళు ఇంకా లేవు, కాలువలు లేవు, దీపాలు లేవు. చెట్లు మాత్రం "ఇక్కడ ధనవంతులు ఉండబోతున్నారు" అని చాటింపు వేస్తూ ఉంటాయి. ఆ చేలో అంతకుముందు ఉన్న చింతచెట్టు, తుమ్మచెట్టు, గట్టు మీది మోదుగ రాత్రికి రాత్రి మాయమవుతాయి. బ్రోచరులో ఆ చెట్లకు పేరు లేదు కదా.

ఇప్పుడు నా మీదికి వచ్చే వాదాలు.

మొదటిది: "విదేశీ చెట్టని నీకు కోపం." కాదు. పరదేశం నుంచి రావడం నేరమైతే మన వంటిల్లు సగం ఖాళీ అవుతుంది. చింత ఆఫ్రికాది, మిరప అమెరికాది. మేము బతుకమ్మలో పేర్చే బంతిపువ్వు మెక్సికో వైపుది. అన్నిటికన్నా నాకు నచ్చే సాక్షి సీతాఫలం. అది కూడా రాజతాళం వచ్చిన దిక్కు నుంచే, అమెరికా ఉష్ణమండలం నుంచే వచ్చింది. వచ్చి ఏం చేసింది? మా రాళ్ళగుట్టల మీద, ఎవరూ చుక్క నీరు పొయ్యని చోట, వేళ్ళు దిగేసుకుంది. ఎండాకాలం ఆకు రాల్చడం నేర్చుకుంది. దసరా, దీపావళి మధ్య గంపలకొద్దీ పండ్లిచ్చి ఎందరో ఆదివాసీ ఆడవాళ్ళ చేతిలో నాలుగు డబ్బులు పెడుతోంది. పేరు కూడా సీతమ్మ పేరే పెట్టుకున్నాం. ఇద్దరూ ఒకే దిక్కు నుంచి వచ్చినవాళ్ళే. ఒకరు కోడలై ఇంట కలిసిపోయారు, ఇంకొకరు అతిథిగానే ఉండిపోయి రోజూ స్నానానికి నీళ్ళు తోడించుకుంటున్నారు. నా తగవు పుట్టుక గురించి కాదు, నడవడి గురించి.

రెండవది: "నా ఇల్లు, నా డబ్బు, నా ఇష్టం." గోడ లోపల ఏ సోఫా వేసుకుంటారో మీ ఇష్టమే. చెట్టు సంగతి అలా కాదు. దాని నీడ గోడ దాటి పడుతుంది, లేదా పడదు. దాని దాహం మీ గోడ కింద ఆగదు. మీ బోరూ, పక్కవాడి బోరూ తాగేది ఒకే కడుపులోని నీళ్ళు. వీధిలో ప్రతి ఇంటివాడూ "నా ఇష్టం" అని వేపను కొట్టి స్తంభాలు నిలబెట్టుకుంటే, చివరకు ఆ వీధిలో నిలబడే చోటు ఎవరికీ ఉండదు. పుచ్చకాయల కుర్రవాడికి సొంత ప్లాటు లేదు. అతనికి దక్కే నీడంతా మన ఇష్టాల మీదే ఆధారపడి ఉంది.

మూడవది, కొంచెం బరువైనది: "వేప వేళ్ళు గోడలు పగలగొడతాయి, ఆకులు రాలి చెత్త, కొమ్మలు తీగలకు తగులుతాయి." ఇందులో నిజముంది. 200 గజాల్లో మర్రిచెట్టు పెట్టమని నేననను. గోడకు తగినంత దూరం వదిలి నాటాలి, ఏటా కొమ్మలు దిద్దించాలి. ఆకులు ఊడ్చుకోవాలి. ఊడ్చుకోవడమే నీడకు మనం చెల్లించే అద్దె, ఎంత చౌక! రాజతాళం చెత్త వెయ్యదా? నెలకొక మట్ట ఊడిపడితే దాన్ని మోసుకుపోవడానికి ఇద్దరు మనుషులు కావాలి.

మరి ఏం నాటాలి? నాకు తెలిసినంతలో చెబుతాను. వీధి పక్కకు కానుగ: ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చినా వెంటనే లేతాకు వేసి, సరిగ్గా నడివేసవికి దట్టమైన నీడ పరుస్తుంది. ఇంటి ముందుకు పొగడ: తీరైన గుబురు, పూలకు పూలు, పైగా ఎలివేషన్‌కు అడ్డం రాదు. పెరడుంటే సీతాఫలం, మునగ. దూరంగా చోటుంటే వేప, చింత. తాటి కుటుంబపు నిటారుతనమే కావాలనుకుంటే ఈత ఉంది. గట్టు మీది నుంచి గేటు ముందుకు తెచ్చుకోండి, సిగ్గుపడకండి. ఊరి పెద్దలు, బడుల యజమానులు ఎవరైనా ఇది చదివితే ఒక మనవి: నిర్మల్ బొమ్మలు చేసే తేలిక కర్ర పొనికిది. ఆ కర్ర దొరకడం కష్టమైపోయిందని బొమ్మల కళాకారులు ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. ప్రహరీ గోడ వెంట వంద రాజతాళాలు నాటే కాలేజీ పది పొనికి చెట్లు నాటితే, ఆ పక్క ఊరి కళకు పదేళ్ళ ఆయుష్షు పోసినట్టవుతుంది.

అలంకారం వద్దని కాదు నా వాదం. అందం లేకుండా మనిషి బతకలేడు. కాని మా జిల్లాలో అందానికీ, గౌరవానికీ చెట్టుతో ఉన్న సంబంధం వేరే రకంది. 2016 అక్టోబరులో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది గాని, చెట్టు పట్ల గోండుల మర్యాదకు సరిహద్దులు మారలేదు. నాగోబా జాతరకు ముందు మెస్రం వంశీయులు కాలినడకన వెళ్ళి, జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి జలం తెచ్చుకుంటారు. తిరిగి వచ్చి కేస్లాపూర్‌లో మర్రిచెట్ల కింద బస చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ జలంతో దేవుడికి అభిషేకం చేస్తారు. అన్ని రోజులు నడిచి తెచ్చిన నీటి విలువ ఏమిటో వాళ్ళ పాదాలకు తెలుసు. దేవుడి దగ్గరికి వచ్చినవాళ్ళు ముందు చేరేది చెట్టు కిందికే. అక్కడ రాజసమంతా నీడలో ఉంది. నేను మాత్రం బోరు మీట నొక్కి, వందల బిందెలు స్తంభానికి పోసి, దానికి రాజసమని పేరు పెట్టుకున్నాను.

చచ్చిన రాజతాళాన్ని తీయించి, అదే గుంటలో ఒక కానుగ మొక్క పెట్టాను. రెండు వేసవులు నీళ్ళు పోశాను. ఆ తరువాత అడగలేదు. ఇప్పుడు నా తల దాటి ఎదిగింది. బతికున్న రెండవ రాజతాళాన్ని కొట్టెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. కొట్టను. ఒకసారి కొట్టి చేసిన తప్పును మళ్ళీ కొట్టి దిద్దుకోలేను. అది తెచ్చినందుకు నేను, వచ్చినందుకు అది, ఇద్దరం ఒకరినొకరం భరించాలి.

అమ్మకు ఇప్పుడు ఎనభై రెండేళ్ళు. కానుగ కింద పొద్దున్న తొమ్మిది వరకు ఒక్క కుర్చీకి సరిపడే నీడ పడుతోంది. ఆ తరువాత ఎండ కాళ్ళ మీదికి వస్తే కుర్చీ లోపలికి తెచ్చుకుంటుంది. చుట్టూ మునుపటిలా ఆడవాళ్ళు చేరడానికి ఆ నీడ చాలదు. వేప ఇచ్చినంత నీడ ఇది ఎప్పటికిస్తుందని మొన్న అడిగింది. ఇంకో ఆరేడేళ్ళు పడుతుందన్నాను. "మంచిగున్నది. నీకు పనికొస్తదిలే" అంది.

మీ ఇంటి ముందు ఏ చెట్టుందో, దాని కింద ఎవరు కూర్చుంటారో చెప్పండి. నాటబోయేవారెవరైనా ఉంటే, నర్సరీకి వెళ్ళే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక్క మాట అడగండి, ఎక్కడ కూర్చుంటారో అని.